వందలోంచి ఏడు తీసేయమన్న కాగితం

మొన్న మా వీధికి సర్వేకి వచ్చిన అమ్మాయి ఫోనులో నొక్కుకుంటూ పది నిమిషాల్లో మా ఇంటిల్లిపాదినీ ముగించేసింది. నేనూ ఆమెను ఒక్క ప్రశ్న అడిగాను. "ఈ ప్రశ్నలు ఎవరు రాశారమ్మా?" అన్నాను. "పైనుంచి వచ్చినయి అంకుల్" అంది. పైనుంచి వచ్చిన ప్రశ్నలు పట్టుకొని ఊళ్ళు తిరిగినవాణ్ణే నేనూ. కాకపోతే నా సంగతి ఇంకొంచెం అధ్వానం. వచ్చినవాటిని కత్తిరించి, నాకు నచ్చినట్టు కూర్చి, మార్కులు కూడా నేనే పెట్టాను. ఆ అమ్మాయిలాంటి పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను.

నేను పదో తరగతి దాటలేదు. మార్కెట్ యార్డులో పల్లి బస్తాల తూకాలు రాసే పనిలో ఉండగా సగటు, శాతం, వంతులు పాత పుస్తకాలు ముందేసుకొని సొంతంగా నేర్చుకున్నాను. సొంతంగా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. తాను నేర్చుకున్నది తప్పు కావచ్చని తొందరగా అనిపించదు. రెండువేల దశకం మధ్యలో, నాకు ముప్పై ఆరేళ్ళప్పుడు, వనపర్తిలో ఒక చిన్న సంస్థలో చేరాను. ముసలితనంలో మనిషి మతిని కొంచెం కొంచెంగా తినేసే అల్జీమర్స్ జబ్బు మీద పనిచేసే సంస్థ అది. డబ్బు లెక్కలు నాకు అప్పగించలేదు. మనుషుల్ని లెక్కపెట్టడం నా పని. పోయిన ఏడాది మానేసేదాకా అదే చేశాను.

సంస్థ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, రెండు బెంచీలు, తలుపు సరిగా పడని ఒక ఇనుప బీరువా. నడిపేవాళ్ళు ముగ్గురు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అప్పటికి మూడూ పాలమూరు జిల్లాలోనివే. ఊరికొకరు చొప్పున ఆ ముగ్గురూ దొరకడం మా అదృష్టం.

అధ్యక్షురాలు వనపర్తి డాక్టరమ్మ. సర్కారు దవాఖానలో ముప్పై ఏళ్ళు కాన్పులు చేసి రిటైరయ్యారు. సగం ఊరు తన చేతుల మీదే పుట్టిందన్న ధీమాతో, మీసాలు నెరిసినవాణ్ణి కూడా "ఒరేయ్" అనేవారు. ఆమె తల్లికి ఈ జబ్బు వచ్చింది. తాను డాక్టరై ఉండి కూడా మూడేళ్ళపాటు దాన్ని మొండితనం అనుకొని తల్లిని కసురుకున్నానని ప్రతి సభలోనూ ముందు ఆ మాటే చెప్పేవారు. తన తప్పును అందరికంటే ముందు తానే బల్ల మీద పెట్టే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఉపాధ్యక్షుడు నాగర్‌కర్నూల్ పెద్దసారు. హెడ్మాస్టరుగా చేసి దిగిపోయిన మనిషి. మైకు లేకుండా మూడు వీధులకు వినిపించే గొంతు. ఊళ్ళో మా జీపు ఆగి, ఆయన చేయెత్తి మాట్లాడటం మొదలుపెడితే, "ఏ పార్టీ సారూ మీది?" అని అడిగేవాళ్ళు. "మతి పార్టీ అమ్మా. ఓటు వద్దు, మీ అత్తను మంచిగ చూసుకుంటే చాలు" అనేవారు. అత్తలు చప్పట్లు కొట్టేవాళ్ళు, కోడళ్ళు మూతులు తిప్పుకునేవాళ్ళు.

మూడో మనిషి కార్యదర్శి. గద్వాలలో మగ్గం ఇంటి మనిషి, ఏడో తరగతి చదివింది. అందరికీ అక్క. ఆమె భర్త చీర నేస్తే, ఒళ్ళూ అంచూ కలిసేచోట అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలిసేది కాదంటారు. అంత పనివాడికి యాభై నాలుగేళ్ళకే జబ్బు మొదలైంది. ఒక పొద్దున మగ్గం గుంతలో దిగి, పాత పడుగుకు కొత్త పడుగు పోగులు అతకాల్సిన మనిషి, రెండు పోగుల కొసలు రెండు చేతుల్లో పట్టుకొని మధ్యాహ్నం దాకా అట్లాగే కూర్చున్నాడట. అక్క అన్నానికి పిలవడానికి వెళితే, "ఇవి రెండు ఏం జెయ్యాలెనే?" అని అడిగాడట.

నరాల డాక్టరు కావాలంటే హైదరాబాదు పోవాలి. రెండు నెలలకోసారి అక్క ఆయన్ని బస్సులో తీసుకుపోయేది. ఒకసారి బస్టాండులో నీళ్ళ సీసా కొనడానికి అటు తిరిగి ఇటు తిరిగేసరికి ఆయన లేడు. పొద్దున తప్పిపోయిన మనిషి సాయంత్రానికి ఎక్కడో పండ్ల బండ్ల వెనుక చెప్పులు లేకుండా దొరికాడు. అప్పటినుంచి బస్సు కనపడితే చాలు, అక్క కొంగు పట్టుకొని వణికేవాడు.

నగరంలోని ఒక నరాల డాక్టరు, వనపర్తి దవాఖానలో ఒక గది ఇప్పిస్తే నెలకు రెండుసార్లు తానే వచ్చి చూస్తానన్నాడు. అది జరిగితే అక్క భర్తకు ఆ బస్సులు తప్పుతాయి. పొద్దున జీపులో వనపర్తి పోయి మధ్యాహ్నానికి ఇల్లు చేరవచ్చు. గది ఇవ్వాల్సింది పాలమూరులో ఉండే జిల్లా అధికారి. ఆయన అన్న మాట ఒక్కటే. "మీ ప్రాంతంలో ఇలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్క తీసుకురండి. సంఖ్య చూసి రాస్తాను."

అట్లా ఆ గది నా సంఖ్య మీదికి వచ్చింది.

నగరం నుంచి ముప్పై ప్రశ్నల కాగితం ఒకటి తెప్పించారు. ముప్పై అడిగితే ముసలివాళ్ళు లేచిపోతారని నేను పదికి కుదించాను. ఈ రోజు తారీఖు ఎంత, ఏ నెల, ఏ సంవత్సరం, ముఖ్యమంత్రి ఎవరు, వందలోంచి ఏడు తీసేస్తే ఎంత, ఇప్పుడు చెప్పిన మూడు మాటలు తిరిగి చెప్పు, ఇట్లా. ప్రశ్నకు ఒక మార్కు. ఐదుకు మించకపోతే 'అనుమానం'. ఒక నియమం కూడా పెట్టాను. ప్రశ్నను ఉన్నదున్నట్టే చదవాలి, మార్చకూడదు, విడమర్చకూడదు. అందరికీ ఒకే కొలత ఉండాలి కదా. తూకం రాళ్ళు ఊరికొక రకంగా ఉంటే ఒప్పుకుంటామా? ఈ వాదన నాకు ఎంత నచ్చిందంటే, కార్యకర్తలకు నేర్పించేటప్పుడు రెండుసార్లు చెప్పాను. పెద్దసారు భుజం తట్టారు. డాక్టరమ్మ కాగితం చూసి, "ఇది మన ముసలోళ్ళకు పడుతదారా?" అని ఒక్క మాట అన్నారు. నేను తూకం రాళ్ళ మాట మూడోసారి చెప్పాను. సంతకం పెట్టారు.

ముందుగా అక్క భర్త మీద దాన్ని ప్రయత్నించాను. ఆయన తారీఖు చెప్పాడు, నెల చెప్పాడు, వందలోంచి ఏడు టక్కున తీసేశాడు. చీరల గడువులతో, పోగుల లెక్కలతో నలభై ఏళ్ళు బతికిన బుర్ర అది. పదికి ఏడు వచ్చాయి. నా కాగితం ప్రకారం ఆయనకు జబ్బు లేదు! పక్కనే అక్క ఆయన చొక్కా గుండీలు సరిచేస్తూ ఉంది. పై గుండీ కింది కాజాలో పెట్టుకున్నాడు. "మందులు వాడుతున్నడు కదా అక్కా, అందుకే మార్కులు వచ్చినయి" అన్నాను. అక్క నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ గుండీల పనిలో పడింది. కొలిచే రాయి తప్పని నాకు తెలియాల్సిన క్షణం అది. నేను ఏడు అని రాసుకొని, గీత కొట్టి, తర్వాతి పేజీ తిప్పాను.

ఎనిమిది మంది కార్యకర్తలతో అయిజ వైపు, మల్దకల్ వైపు, పాన్‌గల్ వైపు ఊళ్ళు తిరిగాం. అనుమానం అని తేలినవాళ్ళ ఇంట్లో ఒక చీటీ ఇచ్చేవాళ్ళం. 'వీరికి మతిమరుపు జబ్బు ఉండవచ్చును, జాగ్రత్తగా చూసుకోగలరు' అని. మూడు నెలలకు లెక్క తేలింది. సంఖ్య చూసి నేనే ఉలిక్కిపడ్డాను. పాన్‌గల్ దగ్గర ఒక ఊళ్ళో యాభై ముగ్గురిని అడిగితే ఇరవై ఇద్దరు అనుమానం. పెద్దసారు మాత్రం సంబరపడ్డారు. "గీ సంఖ్య జూస్తే ఆఫీసరు గది కాదు, బిల్డింగే ఇస్తడు" అన్నారు. అధికారి పేరుమోసిన తొందర మనిషి. కాగితాలు చదివే ఓపిక ఉండదు, కాబట్టి ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళను కూడా వెంట తీసుకుపోయి ఎదురుగా కూర్చోబెడదామన్నది పెద్దసారు ఆలోచనే. మనిషిని చూస్తే మనసు కరుగుతుందని.

అట్లా, పాలమూరు పోవాల్సిన ముందురోజు, అక్కా నేనూ పాన్‌గల్ దగ్గరి ఆ ఊరికి వెళ్ళాం. పదికి మూడే మార్కులు వచ్చిన ఒక పెద్దమ్మను వెంట రమ్మని అడగడానికి. ఆమె దగ్గర ప్రశ్నలు అడిగింది నేనే. నాకు బాగా గుర్తు. మేకల మందతో ఇంటికి తిరిగివస్తుంటే దారిలోనే ఆపి అడిగాను. చేతిలో కర్ర, నోట్లో ఆకువక్క, ఒక కన్ను నా మీద, ఒక కన్ను మేకల మీద.

ఈసారి ఆమె గడపలోపల, గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. కర్ర లేదు. వాకిట్లో మేకలు లేవు. పట్టపగలు మనిషి అంత ఖాళీగా కూర్చోవడం ఆ ఊళ్ళలో ఎవరూ చూసి ఉండరు. కోడలు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి నన్ను గుర్తుపట్టింది.

"మీరిచ్చిన చీటీ దాచిపెట్టిన సారూ" అంది. "ఆ దినం కాన్నుంచి పొయ్యికాడికి రానిస్తలే. మేకలు పక్కింటోళ్ళకు సగం పాలుకు మేపనిచ్చినం. అడివిల తోవ తప్పితే యాడ దేవులాడాలె? అన్నం గూడ నేనే కలిపి పెడుతున్న."

కోడల్ని మీరు తప్పుపట్టకండి. ఆమె నా చీటీలో ఉన్నదే అక్షరం తప్పకుండా చేసింది. జాగ్రత్తగా చూసుకుంటోంది.

అక్క పోయి పెద్దమ్మ పక్కన కింద కూర్చుంది. "ఎట్లున్నవు పెద్దమ్మా?"

"ఎట్లుంట బిడ్డా. నాకు మతి పోయిందంట."

"నీకు అట్ల అనిపిస్తుందా?"

"నాకేం అనిపిస్తలేదు. గని పోయినోళ్ళకు పోయినట్టు తెల్వదంట గద. సదువుకున్న సారు రాసిచ్చిండు. అబద్ధం ఎందుకు రాస్తడు?" అని, నా వైపు చూసి నవ్వబోయి, ఆపుకుంది. "మొన్న ఉప్పు యాడ పెట్టిననో యాదికి రాలే. నిజమే గావొచ్చు అనుకున్న."

ఉప్పు ఎక్కడ పెట్టారో మీకు ఎన్నిసార్లు గుర్తుకు రాలేదు? నాకైతే లెక్కలేదు. కానీ నాకు ఎవరూ చీటీ రాసివ్వలేదు.

అక్క నా చేతిలోని సంచీ తీసుకొని, కాగితం బయటికి లాగింది. "ఇయ్యాల తారీఖు ఎంత పెద్దమ్మా?"

"తారీఖు నాకెందుకు బిడ్డా? ఆ సారుకూ గదే చెప్పిన."

"మరి ఇప్పుడు ఏం దినాలు?"

"పుబ్బ నడుస్తుంది. ఇంక ఆరు దినాలైతే ఉత్తర వొస్తది. కందిలో ఈసారి కలుపు బాగ పడ్డది, మావోళ్ళు తియ్యలే" అని కోడలికి వినపడేట్టు చెప్పింది.

నేను నా పాత కాగితం చూసుకున్నాను. తారీఖు దగ్గర సున్న. నెల దగ్గర సున్న. పక్కన నా చేతిరాతలోనే, 'ఏదో కార్తె పేరు చెబుతోంది' అని ఉంది. అడ్డదిడ్డంగా మాట్లాడుతోందనడానికి గుర్తుగా రాసుకున్నాను దాన్ని.

"వందలోంచి ఏడు తీసేస్తే ఎంత?" అని అక్క చదివింది.

"ఏడు ఏంది?" అంది పెద్దమ్మ వెంటనే. "ఆ దినం గూడ అడిగిన. ఏడు ఏంది సారూ, మేకలా గొర్లా అంటే చెప్పకపాయె."

చెప్పకూడదన్న నియమం నాదే. అక్క కాగితం కింద పెట్టింది. "మేకలే అనుకో పెద్దమ్మా. వంద మేకలున్నయి. ఏడింటిని తోడేలు తిన్నది."

పెద్దమ్మ వీపు గోడ మీదినుంచి లేచింది. "వంద అంటే ఐదిరువైలు. ఏడు పోతే నాలుగిరువైల మీద పదమూడు." ఒక క్షణం ఆగి, "ఏడు తినేదాక కాపరోడు ఏం జేస్తుండు, పండుకున్నడా?" అంది.

కోడలు గట్టిగా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నాలుగు ఇరవైలు ఎనభై, మీద పదమూడు, తొంభై మూడు. ఐదిళ్ళ అవతల కూడా నేను ఇదే ప్రశ్న అడిగి, ఇట్లాంటి సున్నలే పెట్టి వచ్చాను.

తిరుగు బస్సులో కూర్చొని ఆ ఊరి కాగితాలన్నీ ఒళ్ళో పెట్టుకున్నాను. తారీఖు, నెల, సంవత్సరం, వందలోంచి ఏడు, ముఖ్యమంత్రి. బడికి పోనివాళ్ళు తప్పుతారనుకున్న ఆ ఐదింటినీ కొట్టేసి, మిగిలిన ఐదింటిలో ఎన్ని వచ్చాయో మళ్ళీ కూడి, సగం కూడా రానివాళ్ళనే అనుమానం కింద ఉంచాను. ఇరవై ఇద్దరిలో నలుగురు మిగిలారు. బస్సు కుదుపులకు తప్పు కూడానేమోనని మళ్ళీ చేశాను. నలుగురే. వనపర్తిలో దిగి, చాయ్ హోటల్లో గోడకున్న క్యాలెండరు చూశాను. ఉత్తర కార్తెకు ఇంకా సరిగ్గా ఆరు రోజులుంది.

"తమ్మీ," అంది అక్క, చాయ్ చల్లారిపోతుంటే. "నాకు ముందే తెలుసు."

"ఏం తెలుసక్కా?"

"మా ఆయనకు ఏడొచ్చిన దినమే తెలుసు, గీ కాయితం తప్పని. చెప్పాలె అనుకున్న. చెప్తే మల్ల మొదట్నుంచి జేస్తరు, గది ఆలస్యమైతది, మల్ల బస్సు ఎక్కియ్యాలె ఆయనను. అందుకే నోరు మూసుకున్న." కొంగుతో మొహం తుడుచుకుంది. "నా మొగని కోసం ఆ ముసల్దాన్ని గోడకు కూసోవెట్టిన."

ఇద్దరం డాక్టరమ్మ ఇంటికి వెళ్ళాం. పెద్దసారు అప్పటికే నాగర్‌కర్నూల్ నుంచి వచ్చి, మరుసటి రోజు మాట్లాడాల్సింది వల్లెవేసుకుంటున్నారు. నేను లెక్క చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచారు.

"రేపు గది ఇస్తడు, తెలుసా? సంఖ్య పెద్దగైతే ఎవనికి నష్టం? ముందు గది రానియ్యి. వచ్చినంక నిజంగ జబ్బున్నోళ్ళే వస్తరు, లేనోళ్ళను డాక్టరే ఇంటికి పంపిస్తడు. మంచి పనికే గదా!"

ఆ వాదన చెత్త వాదనేమీ కాదు. నిజం చెప్పాలంటే దారిలో నేనూ అదే అనుకుంటూ వచ్చాను. అక్క మాత్రం, "ఎవనికి నష్టమో పొద్దున చూసొచ్చిన సారూ. మీరూ వొచ్చి చూడుండ్రి, మల్ల చెప్పుండ్రి" అంది.

"నీకే గదమ్మా అందరికంటే ఎక్కువ అవసరం!" అన్నారాయన. ఆ మాట అనేశాక ఆయనే తల దించుకున్నారు.

"అందుకే నేను చెప్తున్న సారూ. ఇంకెవరన్న చెప్తే, వాళ్ళకేం పోయింది అంటరు."

డాక్టరమ్మ నా కాగితం మీద తన సంతకం ఉన్న చోట వేలు పెట్టి చూస్తున్నారు. "పొద్దున ఆరింటికి జీపు" అన్నారు. "పాలమూరు పోతున్నం. చెప్పొస్తం."

పెద్దసారు రారేమోనని భయపడ్డాను. ఆరుకు పది నిమిషాల ముందే జీపులో ముందు సీట్లో కూర్చొని ఉన్నారు.

అధికారి మాకు పది నిమిషాలిచ్చారు. బల్ల మీద మా ఫైలు తెరిచే ఉంది. సంతకం పెట్టడానికి పెన్ను మూత కూడా తీసి ఉంది. "పెద్ద సంఖ్యే తెచ్చారు. బాగా కష్టపడ్డారు" అన్నారాయన.

డాక్టరమ్మ లేచి నిలబడ్డారు. "ఆ సంఖ్య తప్పు సార్. వెనక్కి తీసుకుంటున్నాం. కాగితం చూసి అనుమానం వచ్చి కూడా సంతకం పెట్టాను. తప్పు నాది."

"తప్పు నాది సార్," అని నేను లేచాను. "ప్రశ్నలు కూర్చింది నేను."

"వాళ్ళిద్దరు తెల్వక చేసిండ్రు సార్," అని అక్క. "నాకు తెలిసి గూడ చెప్పలే. రాసుకుంటే నా పేరు రాసుకోండి."

ఆయన ముగ్గురినీ మార్చి మార్చి చూశారు. అప్పుడు పెద్దసారు కుర్చీ జరిపిన చప్పుడైంది. "నిన్న సాయంత్రం దాకా ఆ తప్పు సంఖ్యనే ఇద్దామన్నది నేను సార్" అన్నారు, పూర్తి గొంతుతో. బయట వరండాలో ఉన్న జవాను లోపలికి తొంగిచూశాడు.

అధికారి పెన్ను మూత పెట్టేశారు. "నా ఇన్నేళ్ళ సర్వీసులో పనికి పేరు నాదంటే నాదని కొట్లాడుకున్నవాళ్ళను చూశాను. తప్పు కోసం కొట్లాడుకునేవాళ్ళను ఇదే చూడటం." నవ్వారు కానీ ఫైలు మూసి పక్కన పెట్టారు. "మరి నేనేం రాయాలి? సంఖ్య లేకుండా గది ఇవ్వలేను. సరిగ్గా లెక్కపెట్టి రండి."

ఆ మాటతో మేం బయటికి వచ్చాం. గది పోయింది. నగరం డాక్టరు మా కోసం అట్టిపెట్టిన రెండు రోజుల్నీ వేరే ఊరికి ఇచ్చేశాడు. జీపులో అక్క కిటికీ వైపు కూర్చుంది.

మరుసటి వారమే మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి కాగితం రాసింది నేను కాదు, అక్క. ముసలివాళ్ళకు పరీక్ష పెట్టడం మానేసి, ఇంటివాళ్ళను అడగమంది. ముఖ్యమైన ప్రశ్న ఒక్కటే. పోయిన ఏడాది ఈ దినాలకు మంచిగా చేసి, ఇప్పుడు చెయ్యలేకపోతున్న పని ఏంది? మేకలు కాసేవాళ్ళకు మేకల సంగతి, నేసేవాళ్ళకు పోగుల సంగతి, వండేవాళ్ళకు పొయ్యి సంగతి. మనిషిని తారీఖుతో కాకుండా, నిన్నటి ఆ మనిషితోనే పోల్చడం. డాక్టరమ్మ అది నగరం డాక్టరుకు పంపిస్తే, అక్కడా ఇట్లాంటి పద్ధతి ఒకటి ఉందని జవాబు వచ్చింది. ఉన్న సంగతి మాకెవ్వరికీ తెలియదు. ఆమె మగ్గం దగ్గర కూర్చొని సొంతంగా కనిపెట్టింది.

పెద్దసారు తనకు తానే ఒక పని తీసుకున్నారు. మేం చీటీ ఇచ్చిన ప్రతి ఇంటికీ తిరిగి వెళ్ళి, చీటీ వెనక్కి తీసుకొని, చేతులు జోడించి తప్పు చెప్పుకోవడం. నేను వెంట ఉండి జాబితాలో గీత కొట్టేవాణ్ణి. "మొన్న మతి లేదంటిరి, ఇయ్యాల ఉన్నదంటిరి. రేపొచ్చి మల్లేమంటరు సారూ?" అని అరుగుల మీద ఎగతాళి చేసేవాళ్ళు. ఒక్కచోట కూడా ఆయన కోప్పడలేదు. జీవితమంతా పిల్లలతో తప్పు ఒప్పించిన మనిషి, అరవై ఏళ్ళు దాటాక గడప గడపకూ తప్పు ఒప్పుకుంటూ తిరిగారు. నాలుగు నెలలు పట్టింది.

పాన్‌గల్ దగ్గరి పెద్దమ్మకు మేకలు తిరిగి వచ్చాయి. మేం పోయేసరికి ఊరి బయటే ఎదురైంది. పెద్దసారు చెప్పిందంతా విని, "నీకెన్నేండ్లు సారూ?" అని అడిగింది.

"అరవై మూడు అమ్మా."

"మరి నీకు మతి ఉన్నదో లేదో చూసిండ్రా?"

ఆయన ఆ కర్ర పట్టుకున్న చేతులకు దండం పెట్టి, పగలబడి నవ్వారు. తర్వాత ఆ ముక్క ప్రతి సభలో చెప్పుకునేవారు.

కొత్త లెక్క తేలేసరికి, మొదటి సంఖ్యలో అది ఐదో వంతు కూడా లేదు. కానీ అందులో ప్రతి గీత వెనుకా ఒక మనిషీ, ఆ మనిషి చేయలేకపోతున్న ఒక పనీ ఉన్నాయి. నా పాత కాగితం ప్రకారం పదికి పది వచ్చి, తన ఇల్లు తాను కనుక్కోలేని ఒక రిటైర్డు ఉద్యోగి కూడా అందులో ఉన్నాడు. అధికారి ఈసారి కాగితాలు మొత్తం చదివారు. టీకాల గది పక్కన ఒక చిన్న గది ఇచ్చారు, నెలకు ఒక్క రోజు. అడిగినదాంట్లో సగం. నగరం డాక్టరు ఆ రోజుకు మళ్ళీ వస్తానన్నాడు. అప్పటికి మేం మొదటిసారి పాలమూరు వెళ్ళి ఏడాది దాటింది.

ఆ ఏడాదిలో అక్క భర్తను రెండేసార్లు హైదరాబాదు తీసుకుపోగలిగింది. మూడోసారి ఆయన బస్సు మెట్ల దగ్గర కడ్డీ పట్టుకొని వదల్లేదు. కండక్టరు తిట్టాడు, వెనుకవాళ్ళు తోశారు. అక్క ఆయన వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీసి ఇంటికి తీసుకొచ్చింది. మళ్ళీ ప్రయత్నించలేదు. ఆ సంగతి కూడా మాకు ఆమె చెప్పలేదు. ఆమె పొరుగింటివాళ్ళ ద్వారా తెలిసింది. ఆ నెలలన్నీ ఆమె మాతో ఊళ్ళు తిరుగుతూనే ఉంది. ఒక్క వారం మానలేదు.

గది తెరిచిన రోజు పద్నాలుగు మంది వచ్చారు. అక్క భర్త పేరు మొదట రాయబోతే వద్దంది. "దూరమోళ్ళను ముందు పంపు, వాళ్ళకు బండ్లు దొరకవు" అంది. అందరూ అయ్యాక, ఆయన్ని చెయ్యి పట్టుకొని లోపలికి తెచ్చింది. చొక్కా ఇస్త్రీది, గుండీలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆయన మమ్మల్నందరినీ చూసి పెళ్ళికి వచ్చినవాడిలా నవ్వాడు. డాక్టరమ్మ ఆయన పక్కనే స్టూలు మీద కూర్చున్నారు. పెద్దసారు తలుపు దగ్గర నిలబడ్డారు. రాసుకునేవాణ్ణి నేను.

నగరం డాక్టరు మా కాగితం చేతిలోకి తీసుకున్నాడు. అది ఎవరు రాశారో ఆయనకు తెలియదు. అందరినీ అడిగినట్టే అడిగాడు. "పోయిన ఏడాది ఈ రోజులకు చేసి, ఇప్పుడు చెయ్యలేకపోతున్నది ఏంటమ్మా?"

ఆ ప్రశ్నను అక్క వందల ఇళ్ళలో అడిగింది. ఎదుటివాళ్ళు తడబడితే తొందరపెట్టకుండా ఎట్లా కూర్చోవాలో మాకు నేర్పింది. ఇప్పుడు ఆమే తడబడింది. డాక్టరు గడియారం చూసుకోలేదు, అందుకు ఆయనకు నా దండం. పక్క గదిలో టీకా వేయించుకున్న పాప ఏడుపు ఆగేదాకా అక్క భర్త చొక్కా అంచు సర్దుతూ ఉంది.

"పోయిన ఏడాది నన్ను 'ఏమే' అని పిల్చేటోడు సార్" అంది. "ఇప్పుడు నన్నే పట్టుకొని, 'అమ్మా, మా ఇంట్ల ఆమె ఎదురుచూస్తుంటది, నన్ను జర ఇంటికాడ దిగవెట్టు' అంటుండు."

ఆమె నా వైపు తిరిగింది.

"రాయి తమ్మీ. ఆగినవేంది?"